తీర్పునకు ముందు తీర్పు వలదు



గ్రామములో నేరము జరిగినచో పోలీసువారి వెనువెంటనే విలేఖరియు వచ్చును. అతడు మొదట వెదకునది సర్పంచినో, వార్డు సభ్యునో. మీ నోటి మాట మరునాడు పత్రికకెక్కును. కావున న్యాయస్థానమునకును పత్రికకును గల సంబంధమును మీరెరిగియుండుట అవసరమని మేము తలంచుచున్నాము.

మన దేశమున విచారణ సాధారణముగా బహిరంగముననే జరుగును. కోర్టులో జరిగినదానిని ఉన్నదున్నట్లు ప్రకటించుటయు, ముగిసిన వ్యాజ్యముపై న్యాయబుద్ధితో వ్యాఖ్యానించుటయు ధిక్కారము కాదని 1971 నాటి కోర్టు ధిక్కార చట్టము చెప్పుచున్నది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనముల విచారణలు 2022 నుండి ప్రత్యక్షముగా ప్రసారమగుచున్నవి. పత్రిక ప్రజలకు కన్ను. ఆ కన్ను మూయరాదు.

అయితే చూచుట వేరు, తీర్పు చెప్పుట వేరు. 1959లో బొంబాయిలో నౌకాదళాధికారి నానావతిపై హత్యానేరము విచారణకు వచ్చెను. బ్లిట్జ్ అను వారపత్రిక అతని పక్షమున బలముగా వ్రాసెను. జ్యూరీలోని తొమ్మండుగురిలో ఎనమండుగురు అతడు నిర్దోషియనిరి. సెషన్సు జడ్జి సమ్మతింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు సాక్ష్యమును మరల పరిశీలించి యావజ్జీవ శిక్ష విధించెను. 1961లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. ఊరి అభిమానము ఎటు మొగ్గినను న్యాయమునకు ఆధారము సాక్ష్యమే.

పోలీసులు పట్టుకొనినవాడు నిందితుడే గాని దోషి కాడు. “దొంగ దొరికెను” అని మీరన్న మాట అచ్చయినచో, రేపు కోర్టు అతనిని విడుదల చేసినను ఆ మచ్చ మాయదు. అతని బిడ్డలు బడిలో తలయెత్తుకొని తిరుగలేరు.

ఇంకొక ముఖ్య విషయము. లైంగిక నేరమునకు గురియైన బాలబాలికల పేరు, ఫోటో, కుటుంబము, బడి మొదలగు వివరములు పత్రికలలోగాని ఇతర ప్రసార సాధనములలోగాని వెల్లడి కారాదని 2012 నాటి పోక్సో చట్టము 23వ సెక్షను శాసించుచున్నది. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరును, చట్టము అనుమతించిన సందర్భములలో తప్ప, ప్రచురించినవారికి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను క్రింద రెండేండ్లవరకు జైలుశిక్ష కలదు. గ్రామము చిన్నది. పేరు చెప్పకున్నను, “ఫలానావారి రెండవ అమ్మాయి” అన్నచో అందరికిని తెలియును. అట్టి మాటను విలేఖరికి చెప్పకుడు, వాట్సాప్‌లో పంపకుడు.

విలేఖరిని చూచి తప్పుకొనవలదు. మీరు స్వయముగా చూచినదానిని, పంచాయతీ చేసినదానిని చెప్పుడు. వినికిడి మాటలు వలదు. దోషి యెవరో తేల్చు పనిని న్యాయస్థానమునకు విడువుడు. పదిమంది మాట మన్నించు పెద్దలు మీరు. మీరు నోరు అదుపులో నుంచుకొనినచో ఊరును ఉంచుకొనునని మా విశ్వాసము.