పొద్దుటి బిగుతు

కీళ్ళనొప్పులంటే "వయసు మీద పడుతోంది, మామూలే" అని సరిపెట్టుకుంటాం. నేనూ అంతే. పొద్దున్నే లేస్తే వేళ్ళు ముడుచుకునేవి కావు. పాలగిన్నె దించడానికి గంట ఆగాల్సి వచ్చేది. తైలాలు రాసుకుంటూ ఆరునెలలు గడిపేశాను. అదే నా పొరపాటు!

మోకాళ్ళ అరుగుదల వేరు, ఇది వేరు. అరుగుదలైతే పొద్దుటి బిగుతు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది. అంతకు మించి ఉండి, రెండు చేతుల కణుపులూ వాస్తే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్ళవాతం కావచ్చు. ఒంట్లోని రక్షణశక్తే పొరబడి కీళ్ళ లోపలి పొరను దెబ్బతీస్తుందన్నమాట. తొలినెలల్లోనే మందు మొదలుపెడితే వేళ్ళు వంకరపోకుండా చాలావరకు కాపాడుకోవచ్చు.

ఎక్కువగా ఇచ్చేది మెథోట్రెక్సేట్. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. అందుకే మా వంటింటి కాలెండర్లో ఆదివారాలకు ఎర్రసిరాతో సున్నా చుట్టాను. మధ్యమధ్య రక్తపరీక్షలు తప్పవు. గర్భిణులు వాడకూడదు, బిడ్డ కావాలనుకునేవారు ముందే డాక్టరుతో చెప్పాలి.

వాపు తగ్గాక వేళ్ళకు వ్యాయామం కావాలి, బరువులు మాత్రం వద్దన్నారు డాక్టరుగారు. తడిబట్టలు పిండే పని ఇప్పుడు మావారిది. మొదట్లో కాస్త సణిగారు లెండి.