చదువు వెల, బిడ్డ విలువ



పెండ్లిపందిరి క్రిందనో, రచ్చబండమీదనో పెద్దలు నలుగురు కూడినచోట బిడ్డల చదువుల ప్రసక్తి రాక మానదు. “మావానికి ఇన్ని లక్షలు పోసి సీటు తెచ్చితిమి” అని ఒకరు గొంతెత్తి చెప్పుదురు. ప్రక్కనున్న మరియొకరు తమ బిడ్డ ప్రభుత్వ పాలిటెక్నిక్కులో చేరిన సంగతి గొంతు తగ్గించి చెప్పుదురు. ఆ తగ్గిన గొంతును గురించియే ఈ నాలుగు మాటలు.

తగ్గవలసిన పని యేమున్నది? లెక్క చూడుడు. పదవ తరగతి పిదప ఇంటర్మీడియెట్ రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు, వెరసి ఆరు. పాలిసెట్ వ్రాసి డిప్లొమాలో చేరినవానికి మూడేండ్లు, ఆపైన ఈసెట్‌లో సీటు వచ్చినచో ఇంజనీరింగు రెండవ సంవత్సరముననే ప్రవేశము, మరి మూడేండ్లు, వెరసి ఆరే. చేరు ఊరొక్కటే, పట్టు కాలమొక్కటే. పైగా డిప్లొమా చదివినవానికి నడిదారిలోనే ఒక పట్టా చేతికందును. ఇంటికి కష్టము వచ్చినచో అక్కడ నిలిచి పని చూచుకొనవచ్చును. వీలు చిక్కినప్పుడు మరల సాగవచ్చును.

దారి ఇదియొక్కటే కాదు. పల్లెటూరి బిడ్డలను దృష్టియందుంచుకొని 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పదవ తరగతి ముగించిన వారికి అది ఆరేండ్ల చదువు చెప్పసాగినది. ఐ.టి.ఐ.లో ఫిట్టరు పనియో, ఎలక్ట్రీషియన్ పనియో నేర్చినవారికి 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి కర్మాగారములలో భృతితో కూడిన శిక్షణ దొరకును. హైదరాబాదులో 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున మొట్టమొదటిది. 1991 నుండి అది అంబేద్కరు పేర నడచుచున్నది. సేద్యము విడువకయే, కొలువు మానకయే అందు డిగ్రీ చదువవచ్చును.

అబ్దుల్ కలాముకు మద్రాసులో ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు రుసుమునకై ఆయన సోదరి జొహరా తన బంగారు గాజులు కుదువ పెట్టినది. ఆ గాజులను స్వార్జితముతోనే విడిపింపవలెనని ఆయన నిశ్చయించుకొనెను. తన చదువు ఎవరి చేతిని బోసి చేయుచున్నదో ఎరిగిన బిడ్డ ధన్యుడు. ఇంటి అప్పుపత్రమును చూచి, తన శక్తిని తూచుకొని, “నాన్నా, నాకు ఈ చదువు చాలును, దీనితో నేను నిలువగలను” అని చెప్పిన పదునారేండ్ల పిల్లవాడు వయస్సుకు మించిన వివేకి. తలిదండ్రులు గర్వింపవలసినది ఆ వివేకమును చూచి. కట్టిన రుసుమును చూచి కాదు.

అయితే ఒక్క హెచ్చరిక. ఈ మెప్పు చాటున అన్యాయము దాగరాదు. కొడుకునకు పొలము తాకట్టుపెట్టి సీటు కొని, మార్కులలో మిన్నయైన కూతురిని దగ్గరలోని చవుక చదువునకు పంపి, “మా అమ్మాయి ఎంత బుద్ధిమంతురాలో!” అని పొగడుట కలదు. అది ఆ పిల్ల ఎన్నుకొన్న దారి కాదు. పెద్దలు మూసిన తలుపు. బిడ్డ యిష్టము, శక్తి, ఇంటి స్థితి ఈ మూడును కలిసినప్పుడే అది ఎన్నిక యనిపించుకొనును. ఖరీదైన చదువే తగిన బిడ్డ యుండవచ్చును. అట్టివారికి ఉపకారవేతనములు వెదకి యిచ్చుట పెద్దల విధి.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకు ఇందు పని కలదు. ప్రవేశ పరీక్షల ప్రకటనలు పత్రికలలో పడును; గడువులు దాటిపోవును; చదువురాని తండ్రికి ఆ సంగతి తెలియదు. ఇచటికి వచ్చు చదువరులు ఆ ప్రకటనలను గోడకు అంటించి, అట్టి ఇండ్లకు పోయి చదివి వినిపించినచో ఎందరో బిడ్డలకు ఒక యేడు దక్కును.

ఇక రచ్చబండమీద ఆ రెండవ తండ్రియు గొంతెత్తియే చెప్పుగాక: “మా బిడ్డ తన దారి తానే లెక్క చూచుకొని ఎన్నుకొన్నాడు.”