కారు వెనక అద్దం మీద ఆ గీతలెందుకు? మా నాన్న రేడియో నేర్పిన పాఠం

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. మీ గ్యాలరీలో ఏదైనా కారు వెనకవైపు ఫోటో ఉంటే తీసి, వెనక అద్దాన్ని కాస్త జూమ్ చేయండి. అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలు కనిపిస్తున్నాయా? అవేంటని అడిగితే చాలామంది "డీఫాగర్ బ్రో, మంచు పడితే అద్దం వేడి చేయడానికి" అంటారు. కరెక్టే. కానీ అది సగం ఆన్సర్. చాలా కార్లలో ఆ గీతలే రేడియో యాంటెన్నా కూడా.

ఆ మిగతా సగం నాకు ఎలా తెలిసిందో చెప్తా. కొంచెం పరువు పోయే కథే, అయినా చెప్తా. ఎందుకంటే నేను చదివింది బీటెక్ ఈసీఈ. మా సిలబస్‌లో యాంటెన్నాస్ అని ఒక పూర్తి సబ్జెక్టే ఉంది. పరీక్షకి ముందు ఒక్క రాత్రి చదివి పాసయ్యా, తెల్లారి మర్చిపోయా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిపోయా. మీలో కూడా నాలాంటోళ్లు ఉంటారు, నవ్వకండి.

మా నాన్న దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ ఉంది. విజయవాడలో ఇల్లు, నూజివీడు వైపు కొద్దిగా మామిడి తోట. దాదాపు రోజూ పొద్దున్నే తోటకి బయల్దేరతారు, దారిలో రేడియో పెట్టుకుంటారు. ప్రాంతీయ వార్తలు, తర్వాత పాటలు. ఆయనకి అదొక అలవాటు కాదు, అదే పొద్దు.

రెండేళ్ల కింద సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి గిఫ్ట్ ఇద్దామని ఆ కారులో పాత స్టీరియో తీయించి పెద్ద ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టించా. పనిలో పనిగా వెనక అద్దానికి ఉన్న పాత సన్ ఫిల్మ్ కూడా పీకేశా. దాని మీద చలానా పడుతుందని నా భయం. 2012లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద ఫిల్ములు వద్దని తీర్పు ఇచ్చింది గుర్తుందా, ఆ లెక్కలో అన్నమాట. ఫిల్మ్ ఊడొచ్చింది, జిగురు మాత్రం రాలేదు. బ్లేడు తీసుకుని శుభ్రంగా గీకేశా. అద్దం తళతళ మెరిసింది. ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టా.

షాపులో రేడియో పెట్టి చూశాం, 98.3 సూపర్‌గా వచ్చింది. నాన్న "బాగుంది రా" అన్నారు. నేను హైదరాబాద్ వచ్చేశా.

మళ్లీ ఉగాదికి వెళ్లా. నాన్నతో తోటకి బయల్దేరా. డ్రైవర్ సీటు పక్కన ఒక చిన్న ట్రాన్సిస్టర్ ఉంది. టవల్‌లో చుట్టి, ఏరియల్ కిటికీలోంచి బయటకి పెట్టి ఉంది. "ఇదేంటి నాన్నా?" అన్నా. "ఏం లేదురా, ఊరు దాటాక కారు రేడియోలో గరగర వస్తోంది. ఇదైతే బాగానే వస్తుంది" అన్నారు. "మరి నాకు చెప్పలేదే?" అంటే, "నువ్వు ముచ్చటపడి పెట్టించావు కదా" అన్నారు. అంతే. రెండు నెలల పైన అలాగే నడిపారు. నాకు ఆ రోజు ముద్ద దిగలేదు.

ముందుగా స్టీరియో షాపు వాళ్ల మీదకి వెళ్లా. వాళ్లు మళ్లీ రేడియో ఆన్ చేశారు, టౌన్‌లో కాబట్టి మళ్లీ క్లియర్‌గా వచ్చింది. "సిగ్నల్ ప్రాబ్లం సార్, మా సెట్ పర్ఫెక్ట్" అన్నారు. తర్వాత మా వీధి చివర ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగి, పైన కడ్డీ యాంటెన్నా లేదని చూసి, వెనక అద్దం మీద చేత్తో రాసి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "యాంటెన్నాకి కరెంట్ ఇచ్చారా బాబూ?"

నేను నవ్వా. "యాంటెన్నాకి కరెంటేంటి బాబాయ్?" అన్నా. ఆయన నవ్వలేదు. "ఏం చదివావు?" అన్నాడు. చెప్పలేదు నేను.

సరే, ఇక్కడి నుంచి అసలు సబ్జెక్ట్. జాగ్రత్తగా వినండి, ఇంటర్ ఫిజిక్స్ వచ్చినా చాలు అర్థమవుతుంది.

వెనక అద్దం మీద ఉన్నవి వైర్లు కాదు. వెండి పొడి కలిపిన పేస్టుని, మన టీషర్టుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేసినట్టే, అద్దం లోపలి వైపు ప్రింట్ చేసి కొలిమిలో కాలుస్తారు. అది అద్దానికి అతుక్కుపోతుంది. రెండు చివర్లా నిలువుగా రెండు వెడల్పాటి పట్టీలు ఉంటాయి. ఒకదానికి బ్యాటరీ ప్లస్, ఇంకోదానికి కారు బాడీ, అంటే గ్రౌండ్. స్విచ్ వేస్తే సుమారు 10 నుంచి 20 ఆంపియర్ల కరెంట్ వెళ్తుంది. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లంటే 180 వాట్లు. ఇంట్లో రెండు సీలింగ్ ఫ్యాన్లు తినేదానికంటే ఎక్కువ.

ఇప్పుడు రేడియో వైపు చూద్దాం. 98.3 మెగాహెర్ట్జ్ అంటే తరంగం పొడవు ఎంత? 300ని 98.3తో భాగించండి. సుమారు 3 మీటర్లు. యాంటెన్నాకి అందులో నాలుగో వంతు ఉంటే బాగా పనిచేస్తుంది, అంటే 76 సెంటీమీటర్లు. పాత కార్ల మీద కడ్డీ దాదాపు అంత పొడవు ఎందుకుండేదో ఇప్పుడు అర్థమైందా? వెనక అద్దం మీద గీతలు మీటరుకి అటూ ఇటుగా ఉంటాయి. లోహం ఉంది, సైజు సరిపోయింది, చుట్టూ అద్దం కాబట్టి బాడీకి తగలకుండా గాల్లో ఉన్నట్టే. ఇంజనీర్లు ఊరుకుంటారా?

అద్దంలో యాంటెన్నా అనే ఐడియా కొత్తదేం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు 1969 పాంటియాక్ గ్రాండ్ ప్రీ కారులో ముందు అద్దం పొరల మధ్య సన్నటి తీగలు పెట్టారు. బయట కడ్డీ ఉంటే విరుగుతుంది, కార్ వాష్‌లో వంగిపోతుంది, గాలికి చప్పుడు చేస్తుంది. అద్దంలో దాచేస్తే ఆ గొడవే లేదు.

కానీ వెనక అద్దం దగ్గర ఒక చిక్కుంది. రేడియో సిగ్నల్ యాంటెన్నా మీద మైక్రోవోల్టుల్లో ఉంటుంది, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో. అదే గీత మీద హీటర్‌కి 12 వోల్టులు. అంతకంటే పెద్ద సమస్య, గీత ఒక చివర బాడీకి కలిసి ఉంది. వచ్చిన సిగ్నల్ రేడియో దాకా వెళ్లకుండా అటు గ్రౌండ్‌లోకి కారిపోతుంది. చిల్లు కుండతో నీళ్లు పట్టినట్టు.

దీనికి మందు కాయిల్. మనం చోక్ అంటాం చూడండి, అదే. డీసీ కరెంట్‌కి కాయిల్ మామూలు తీగలాగే కనిపిస్తుంది. హై ఫ్రీక్వెన్సీకి మాత్రం గోడలాగ అడ్డం నిలబడుతుంది. ఇంటర్‌లో 2πఫ్రీక్వెన్సీ ఇంటూ ఇండక్టెన్స్ అని బట్టీ పట్టాం కదా, అదే ఫార్ములా. ఒక మైక్రోహెన్రీ కాయిల్ తీసుకుంటే 98.3 మెగాహెర్ట్జ్‌కి సుమారు 618 ఓములు అడ్డం వస్తుంది. హీటర్ కరెంట్‌కి దాదాపు సున్నా. హీటర్‌కి దారి వదిలింది, రేడియోకి తలుపు వేసింది. ప్లస్ వైపు ఒకటి, గ్రౌండ్ వైపు ఒకటి పెడితే రేడియో కళ్లకి ఆ గీతలన్నీ విడిగా గాల్లో తేలుతున్నట్టే.

మరి ఏఎం సంగతి? విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్. అదే కాయిల్‌కి అదే లెక్క వేయండి, 5 ఓములు చిల్లర వస్తుంది. గోడ కాదు, గడప. అంత అడ్డం రావాలంటే కాయిల్ వంద రెట్లకి పైగా పెద్దది కావాలి. పెద్ద కాయిల్ లోపల ఫెర్రైట్ కోర్ ఉంటుంది, దాంట్లోంచి 15 ఆంపియర్లు వెళ్తే కోర్ సంతృప్తమైపోయి కాయిల్ పని చేయడం మానేస్తుంది. అందుకని ఒక ఉపాయం పట్టారు. హీటర్‌కి వెళ్లే తీగ, తిరిగొచ్చే తీగ రెండూ ఒకే కోర్ మీద జంటగా చుడతారు. వెళ్లే కరెంట్ అయస్కాంత క్షేత్రం, వచ్చే కరెంట్ క్షేత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కోర్‌కి అసలు బరువే తెలియదు. ఇంత తంటా ఎందుకనుకున్న కంపెనీలు ఏఎం కోసం అద్దం పైభాగంలో హీటర్‌తో సంబంధం లేని గీతలు విడిగా వేస్తాయి.

ఇంకో చిన్న అందం చెప్తా. కొన్ని అద్దాల్లో అడ్డగీతల మధ్యలోంచి ఒక నిలువు గీత ఉంటుంది. దానివల్ల హీటర్ షార్ట్ అవ్వదా? అవ్వదు. ప్రతి అడ్డగీత నడుమన వోల్టేజ్ ఒకటే, సుమారు 6. రెండు చోట్లా వోల్టేజ్ సమానమైతే మధ్యలో కరెంట్ పారదు. వీట్‌స్టోన్ బ్రిడ్జి గుర్తొచ్చిందా? హీటర్‌కి ఆ నిలువు గీత లేనట్టే, రేడియోకి మాత్రం అదొక నిలువు యాంటెన్నా. ఎంసెట్ కోసం చదివినప్పుడు ఇది ఎవరైనా చెప్పుంటే నేను ఆ చాప్టర్‌ని ఇష్టపడేవాణ్ణి.

ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకి వద్దాం. యాంటెన్నాకి కరెంట్ ఎందుకు? అద్దం మీద పట్టిన సిగ్నల్ చాలా బలహీనం. వెనక నుంచి డ్యాష్‌బోర్డ్ దాకా పొడవాటి కేబుల్‌లో అది ఇంకా నీరసపడుతుంది. అందుకే అద్దం పక్కనే, పిల్లర్ ప్లాస్టిక్ వెనకాల అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఆంప్లిఫైయర్ ఉంటుంది. దానికి కరెంట్ కావాలి. మా కారులో కంపెనీ స్టీరియో ఆ కరెంట్‌ని యాంటెన్నా కేబుల్‌లోంచే వెనక్కి పంపేది. సిగ్నల్ ముందుకి, కరెంట్ వెనక్కి, రెండూ ఒకే తీగలో. దీన్నే ఫాంటమ్ పవర్ అంటారు. నేను పెట్టించిన ఆండ్రాయిడ్ సెట్‌కి ఆ తెలివి లేదు. దానికి యాంటెన్నా కోసం విడిగా ఒక నీలం వైరు ఉంటుంది. షాపులో దాన్ని దేనికీ కలపకుండా టేపు చుట్టి వదిలేశారు.

ఆంప్లిఫైయర్‌కి కరెంట్ లేకపోతే ఏమవుతుంది? టవర్ దగ్గరున్నంతసేపు సిగ్నల్ ఎలాగోలా దూరి వస్తుంది. ఊరు దాటగానే చచ్చిపోతుంది. అందుకే షాపులో సూపర్, నూజివీడు దారిలో గరగర. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం సగం సగమే చూశాం.

బాబాయ్ ఒక చిన్న అడాప్టర్ పెట్టాడు. నీలం వైరులోంచి 12 వోల్టులు తీసుకుని యాంటెన్నా కేబుల్‌లోకి ఎక్కిస్తుంది. నాకైన ఖర్చు 450 రూపాయలు. రేడియో లేచి కూర్చుంది.

కథ అయిపోలేదు. ఆయన డీఫాగర్ ఆన్ చేసి, మల్టీమీటర్ ముల్లుకి గీతలు పడకుండా సిగరెట్ ప్యాకెట్ రేకు చుట్టి ఒక్కో గీత మీద జరుపుకుంటూ వెళ్లాడు. మంచి గీత మీద వోల్టేజ్ 12 నుంచి సున్నాకి మెల్లగా దిగుతుంది. తెగిన గీత మీద ఒకచోట ఠక్కున దూకుతుంది. అలా మూడు చోట్ల దూకింది. "ఇవి బ్లేడు గాట్లు. ఎవరు గీకారు?" అన్నాడు. నేను ఆకాశం వైపు చూశా. నాన్న నా వైపు చూసి, "పాతదే లేవయ్యా, ఎప్పటినుంచో ఉంది" అన్నారు.

ఫ్రెండ్స్, ఆయన ఆ మాట అబద్ధమని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ స్టేటస్ ఫోటో ఆయన చూశారు.

తెగిన చోట్ల వెండి కలిపిన కండక్టివ్ పెయింట్ సన్నగా పూసి అతికించాం. మా కారులో ఆ గాట్లవల్ల పోయింది ఎక్కువగా వేడే. రేడియో పోయింది మాత్రం నీలం వైరు వల్ల.

మీకోసం నాలుగు మాటలు. వెనక అద్దం లోపల ఎప్పుడూ బ్లేడు పెట్టొద్దు. మెత్తటి గుడ్డతో, గీతల వెంబడే అడ్డంగా తుడవండి, నిలువుగా రుద్దొద్దు. స్టీరియో మార్చేటప్పుడు "యాంటెన్నా పవర్ ఇచ్చారా" అని అడగండి. ఇచ్చాక టెస్ట్ షాపు ముందు కాదు, ఊరి బయట చేయండి. పైన అతికించే షార్క్ ఫిన్లు అన్నీ యాంటెన్నాలు కావు, డబుల్ టేప్‌తో వచ్చేవాటిలో చాలావాటి లోపల ఖాళీ ప్లాస్టిక్కే.

"ఇంకా రేడియో ఎవరు వింటారు బ్రో" అంటారని తెలుసు. మీ పాత ఫోన్ గుర్తుందా? ఇయర్‌ఫోన్ పెట్టకపోతే ఎఫ్‌ఎం వచ్చేది కాదు. ఆ ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా. పాట మోసే తీగే సిగ్నల్ కూడా పట్టేది, మన వెనక అద్దం లాగే. 2023లో కేంద్ర ఐటీ శాఖ కూడా ఫోన్ కంపెనీలకి, ఎఫ్‌ఎం ఉన్న ఫోన్లలో దాన్ని ఆపేయొద్దని సలహా ఇచ్చింది. తుపాను వచ్చి టవర్లు పడిపోయినప్పుడు డేటా లేకుండా వార్త తెచ్చేది రేడియోనే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంట్, ఫోన్లు పోయి జనం ఎంత అవస్థ పడ్డారో ఆ వైపు వాళ్లని అడగండి.

మొన్న ఇంటికెళ్లినప్పుడు మళ్లీ తోటకి వెళ్లాం. రేడియో నూజివీడు దాకా గరగర లేకుండా వచ్చింది. ట్రాన్సిస్టర్ మాత్రం ఇంకా సీటు పక్కనే ఉంది. "ఇది ఇంకా ఎందుకు నాన్నా?" అంటే, "ఉండనీరా, నువ్వు మళ్లీ ఏదైనా గిఫ్ట్ ఇస్తే?" అన్నారు.

మీ ఇంట్లో కూడా మీరు ముచ్చటపడి మార్చిన వస్తువు ఏదైనా ఉంటే, ఒకసారి వెళ్లి అడగండి, అది నిజంగా పనిచేస్తోందా అని. వాళ్లంతట వాళ్లు చెప్పరు. ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.