పగడాల ట్యాంకులకు ప్లంబింగ్: పైపులు అతికించే ముందే కరెంటు పోయినట్టు లెక్క వేయండి

ఇవాళ్టి టాపిక్: ఇంట్లో మూడు, నాలుగు ట్యాంకుల్లో పగడాలు పెంచాలంటే పైపులు ఎలా ప్లాన్ చేయాలి?

ముందు ఒక మాట. ఇది అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. ఇండియాలో పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద షెడ్యూల్ 1లో ఉన్నాయి. అక్కడ చూస్తున్నవాళ్లు చేపల ట్యాంకులకి ఈ లెక్కలు వాడుకోండి, పగడాల జోలికి మాత్రం వెళ్లొద్దు.

పెద్ద పగడం నుంచి చిన్న ముక్క కోసి, సిరామిక్ ప్లగ్ మీద అతికించి పెంచుతాం. ఆ ముక్కనే ఫ్రాగ్ అంటారు. ఫ్రాగ్ ట్యాంకులన్నిటికీ కింద ఒకటే సంప్. మన ఊళ్లో ఇంటి సంపు, మోటారు, పైన ట్యాంకు ఉంటాయి కదా, ఇదీ అంతే. తేడా ఏంటంటే ఇక్కడ నీళ్లు 24 గంటలూ తిరుగుతూనే ఉంటాయి. పంపు పైకి తోస్తుంది, నీళ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి.

చాలామంది ముందు ఏ పంపు కొనాలి అని అడుగుతారు. నేనైతే ముందు రెండు ప్రశ్నలు వేసుకోమంటాను.

మొదటిది: కరెంటు పోతే ఏమవుతుంది? పంపు ఆగగానే రిటర్న్ పైపు సైఫన్‌లా పనిచేసి నీళ్లు వెనక్కి లాగుతుంది. నాజిల్‌కి గాలి అందేదాకా ఆగదు. లెక్క చూడండి. ట్యాంకు 36 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు అనుకుందాం. ఒక్క అంగుళం నీరు అంటే 864 క్యూబిక్ అంగుళాలు. గ్యాలన్‌కి 231 చొప్పున 3.74 గ్యాలన్లు, సుమారు 14 లీటర్లు. నాజిల్ 2 అంగుళాల లోతులో ఉంటే, మూడు ట్యాంకుల నుంచి 22 గ్యాలన్ల పైనే సంప్‌లోకి దిగుతాయి. పైపుల్లో ఉన్న నీళ్లు దానికి అదనం. సంప్‌లో అంత ఖాళీ లేకపోతే మిగతాది కార్పెట్ మీదకే. అదే నాజిల్‌ని అర అంగుళం లోతుకి పెడితే 6 గ్యాలన్ల లోపే. చెక్ వాల్వ్ ఉందిలే అని వదిలేయకండి. దాంట్లో చిన్న నత్త ఇరుక్కున్నా, సున్నం గట్టిపడినా మూసుకోదు.

రెండోది: డ్రైన్ మూసుకుపోతే? పంపు ఆగదు, రిటర్న్ గది ఖాళీ అయ్యేదాకా తోస్తూనే ఉంటుంది. ఆ గదిలో 5 గ్యాలన్లు ఉంటే, మూసుకుపోయిన ట్యాంకులో నీరు దాదాపు 1.3 అంగుళాలు పెరుగుతుంది. అంచు కింద 2 అంగుళాల ఖాళీ ఉంటే బతికిపోయారు. కానీ ఆటో టాప్ ఆఫ్ ఉంటే జాగ్రత్త. సంప్‌లో నీరు తగ్గిందనుకుని అది మంచినీళ్లు పోస్తూనే ఉంటుంది. నేలా తడుస్తుంది, ఉప్పు శాతం పడిపోయి పగడాలూ దెబ్బతింటాయి. అందుకే దాని డబ్బా చిన్నదిగా ఉండాలి.

ఇక డ్రైన్లు. ప్రతి ట్యాంకుకీ రెండు పైపులు పెట్టండి. ఒకటి గేట్ వాల్వ్‌తో నడిచే సైఫన్ పైపు, రెండోది ఎమర్జెన్సీ పైపు. దీన్ని హెర్బీ పద్ధతి అంటారు. ఎమర్జెన్సీ పైపుకి వాల్వ్ అసలు పెట్టొద్దు. అన్ని ట్యాంకుల డ్రైన్లనీ ఒకే పైపులో కలపొద్దు, దేనికది సంప్ దాకా వెళ్లాలి.

రిటర్న్ వైపు మాత్రం ఒక పంపు, దాని నుంచి కొమ్మలు, ప్రతి కొమ్మకీ ఒక వాల్వ్, ఒక యూనియన్. కింది అరలో ఉన్న ట్యాంకుకి నీళ్లు ఎక్కువ వెళ్తాయి, వాల్వ్ లేకపోతే సమం చేయలేరు. యూనియన్ ఉంటే ఒక్క ట్యాంకు విప్పడానికి మొత్తం కోయక్కర్లేదు. పంపు డబ్బా మీద రాసిన అంకె ఎత్తు సున్నా ఉన్నప్పటిది. ఎత్తు పెరిగేకొద్దీ, మోచేతి వంపులు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. 90 డిగ్రీల వంపు బదులు కుదిరినచోట రెండు 45లు వాడండి.

ఒకే నీరు తిరగడం వల్ల ఉష్ణోగ్రత, ఉప్పు స్థిరంగా ఉంటాయి. కానీ ఒక ట్యాంకులోకి వచ్చిన పురుగు అన్నిట్లోకీ వస్తుంది. కాబట్టి కొత్త పగడాల క్వారంటైన్ ట్యాంకుని ఈ లైనుకి కలపనే వద్దు.

ఇత్తడి, రాగి ఫిట్టింగులు వద్దు. రాగి పగడాలకి విషం. టెంపర్డ్ గ్లాస్‌కి రంధ్రం వేయకండి, మొత్తం పగిలిపోతుంది.

చివరగా, జిగురు లేకుండా పైపులన్నీ ఒకసారి బిగించి చూసుకోండి. అతికించాక ఉప్పు కలపకముందే మంచినీళ్లతో నింపి, పంపు ప్లగ్ పీకేయండి. సంప్‌లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో మార్కర్‌తో గీత గీయండి. తర్వాత ఒక డ్రైన్ మూసి చూడండి. రెండిట్లోనూ నేల పొడిగా ఉంటేనే ఉప్పు ప్యాకెట్ తెరవండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫ్రాగ్ ట్యాంకులకి లైట్లు చూద్దాం. ఉంటాను.