ఎముకల స్కాన్‌లో ఎముక కాని మచ్చలు

ఎముకల స్కాన్‌కు టెక్నీషియం-99ఎం కలిపిన ఎండీపీ మందును నరానికి ఎక్కించి, 2 నుంచి 4 గంటల తరువాత బొమ్మ తీస్తారు. ఎముకలకు పట్టగా మిగిలిన మందు మూత్రంలో పోతుంది. అందుకే కిడ్నీలు, మూత్రాశయం కనిపించడం మామూలే. మోచేతి దగ్గరి నల్లమచ్చ చాలాసార్లు సూది పక్కకు కారిన మందే. తొడ దగ్గరిది బట్టమీద పడ్డ మూత్రపు చుక్క కావచ్చు. బట్ట మార్పించి మళ్లీ తీస్తే తేలిపోతుంది. థైరాయిడ్, జీర్ణాశయం కలిసి కనిపిస్తే మందు తయారీలోనే లోపముందని అనుమానించాలి. గుండె కండరం మందు పట్టుకుంటే మాత్రం తేలిగ్గా తీసుకోరాదు, అమిలాయిడ్ జబ్బు కావచ్చు. కిడ్నీలు అసలే కనబడకపోవడమూ ఆనవాలే: క్యాన్సర్ ఎముకలన్నిటా పాకినా, నల్లగొండ జిల్లా ఎరిగిన ఫ్లోరోసిస్ ముదిరినా, ఎముకలే మందంతా లాగేసుకోవచ్చు.