150 కిలోమీటర్ల గీత
(ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తార్నాక నుంచి ఉప్పల్ పోయి వరంగల్ బస్సెక్కే మీకు దూరమంటే ఏందో మేము చెప్పనక్కర లేదు. కానీ ఒప్పంద పత్రాల మీద రాసిన దూరం ఇంకొకటుంది. అది బస్సు టికెట్ మీద కనపడదు. ఇయ్యాల దాని లెక్క చూద్దాం.

వరంగల్ పక్కన మామునూరు. నిజాం కాలం నాటి విమానాశ్రయం, 1980ల మొదట్లో మూతపడ్డది. రామగుండం ప్రాంతంలో బసంత్‌నగర్. సిమెంటు ఫ్యాక్టరీ దగ్గరి రన్‌వే, 1980లలో వాయుదూత్ విమానాలు దిగినయి. ఈ రెండింటి నడుమ గగన దూరం సుమారు 90 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ విమానానికి అది 11 నిమిషాల దారి. ఎగురుడు, దిగుడు కలిపితే పాతిక నిమిషాలు.

కాజీపేట నుంచి పెద్దపల్లికి రైలున్నది, అంత దూరానికి విమానమెందుకని అడుగుతరు. నిజమే. మనం అడిగేది ఆ విమానం కాదు. వరంగల్ నుంచి ఢిల్లీకి గగన దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, జెట్ విమానానికి రెండు గంటలు. హన్మకొండ మనిషి దానికోసం ముందు మూడు, నాలుగు గంటలు శంషాబాద్ తొవ్వ పట్టాలె. ఉత్తరానికి పోయేటోడు ముందుగాల దక్షిణానికి నడవాలె! గల్ఫ్‌కు పోయే జగిత్యాల పిల్లలదీ ఇదే తొవ్వ.

ఎందుకిట్ల? 2004 డిసెంబర్‌లో శంషాబాద్ విమానాశ్రయం కోసం కేంద్రం, జీఎంఆర్ సంస్థ నడుమ ఒప్పందం జరిగింది. విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏండ్ల దాకా, 150 కిలోమీటర్ల గగన దూరంలో ఇంకొకటి రావద్దని అందులో రాసుకున్నరు. శంషాబాద్ 2008 మార్చిలో తెరుచుకున్నది. అంటే 2033 దాకా. మామునూరు ఎంత దూరం? సుమారు 145 కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్ల కాడ ఆగిపోయింది వరంగల్.

అయితే ఆ గీత ఇనుప గీత కాదు. బీదర్ శంషాబాద్‌కు ఇంకా దగ్గర, సుమారు 125 కిలోమీటర్లే. అక్కడ 2020 ఫిబ్రవరిలో బెంగళూరు విమానం మొదలైంది. కర్ణాటక అడిగింది, జీఎంఆర్ ఒప్పుకున్నది. ఇక బసంత్‌నగర్ గీత అవతల, సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అడ్డం లేదు. మరి దానికెందుకు విమానం రాలేదు? గీత లోపలి ఊరికి గీత సాకు, బయటి ఊరికి ఇంకో సాకు. అడ్డమైంది దూరం కాదు, పట్టించుకోనితనం.

2025 ఫిబ్రవరిలో మామునూరుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. సంతోషమే. కానీ అనుమతి పత్రం మీద విమానం దిగదు. రన్‌వే పొడిగించాలంటే గాడిపల్లి, నక్కలపల్లి రైతుల భూమి కావాలె. జిల్లా అంతటికీ పనికొచ్చే విమానానికి రెండు, మూడు ఊర్లే ధర చెల్లించొద్దు. వాళ్లకు న్యాయమైన పరిహారం అందాలె, పనులు గడువు లోపల పూర్తి కావాలె. బసంత్‌నగర్ ప్రాంతానికి ఏం చేస్తరో పాలకులు తారీఖుతో చెప్పాలె.

ఈ లెక్కలు మీరు నోట్‌బుక్కుల్లో రాసుకోండి. పండుగకు ఊరికి పోయినప్పుడు రచ్చకట్ట మీద చెప్పండి. ఓటు అడగ వచ్చినోన్ని ఈ అయిదు కిలోమీటర్ల సంగతి అడగండి.