మనవలకు పాత కంప్యూటరు: కొనవచ్చునా, కూడదా?

(రావికమతంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవడం మామూలే. ఈసారి కార్యవర్గం వారు నాకు వేరే విషయం అప్పగించారు. చూడబోతే ఇదీ పింఛను డబ్బుకు సంబంధించినదే. "తాతయ్యా, నాకు కంప్యూటరు కొనిపెట్టవా?" అని మనవడో మనవరాలో అడుగుతారు. కొత్తది కొనాలంటే మనలో చాలామందికి ఒక నెల పింఛను చాలదు. అప్పుడు ఎవరో ఒకరు, "నర్సీపట్నంలోనో, అనకాపల్లిలోనో, విశాఖపట్నంలోనో పాతది సగం ధరకు దొరుకుతుంది కదండీ" అంటారు. ఆ మాట విని కొనవచ్చునా అన్నదే నేటి ప్రశ్న.

ముందుగా ఈ పాత కంప్యూటర్లు ఎక్కడినుండి వస్తాయో తెలుసుకుందాం. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లోని కంపెనీలు కొన్నేళ్ళకొకసారి తమ యంత్రాలన్నిటినీ ఒకేసారి మారుస్తాయి. చెడిపోయి కాదు, గడువు తీరి. వాటిని వ్యాపారులు టోకున కొని, తుడిచి, కావలసిన భాగాలు మార్చి అమ్ముతారు. డెల్ లాటిట్యూడ్, హెచ్.పి. ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ అనే పేర్లతో కనిపించేవి చాలావరకు ఇలా ఆఫీసులనుండి వచ్చినవే. ఇవి గట్టిగా కట్టిన సరుకు. కనుక పాతదన్నంత మాత్రాన పనికిరానిది కాదు. అయితే ఎద్దును కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? పళ్ళు చూస్తాం, నడిపించి చూస్తాం, అరకకు కట్టి చూస్తాం. ఇక్కడా అంతే.

కొట్టుకు వెళ్ళేముందు ఇంట్లో తేల్చుకోవలసిన మాట ఒకటుంది: ఏ పనికి? అయిదో తరగతి లోపు బిడ్డకు సొంత కంప్యూటరు అవసరం లేదని నా అభిప్రాయం. పాఠాలు చూడటం మాత్రమే అయితే ఇంట్లో ఉన్న ఫోనో, ట్యాబో చాలు. మన రాష్ట్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబులు ఆ పనికే ఇచ్చింది. కానీ ఇంటర్మీడియెట్, డిప్లొమా, డిగ్రీకి వచ్చిన పిల్లల సంగతి వేరు. మన రాష్ట్రంలో ఎంసెట్ 2017 నుండి కంప్యూటరు మీదనే జరుగుతోంది. 2021 నుండి దాని పేరు ఈఏపీసెట్. జె.ఇ.ఇ. మెయిన్ ఇంజనీరింగు పేపరు కూడా 2019 నుండి అంతే. మౌసు పట్టడం అలవాటు లేని పల్లె పిల్లకు ఆ మూడు గంటల్లో నిమిషాలు వృథా అవుతాయి. ప్రోగ్రాము రాయాలన్నా, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేయాలన్నా, జమాఖర్చుల పట్టిక వేయాలన్నా ఫోను మీద కుదిరే పని కాదు. అటువంటి పని ఉంటేనే కొనుగోలు మాట ఎత్తాలి.

ఇక్కడ ఒక విదేశీ అనుభవం చెబుతాను. రుమేనియా దేశంలో తక్కువ ఆదాయం గల కుటుంబాలకు, పిల్లల కోసం కంప్యూటరు కొనుక్కోమని ప్రభుత్వం 200 యూరోల కూపన్లు ఇచ్చింది. కూపను దక్కిన ఇళ్ళనూ, కొద్దిలో దక్కకపోయిన ఇళ్ళనూ ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పోల్చి చూసి, 2011లో ఫలితాలు ప్రకటించారు. కంప్యూటరు వచ్చిన ఇళ్ళలో పిల్లలకు కంప్యూటరు విద్య బాగా అబ్బింది. కానీ బడిలో మార్కులు తగ్గాయి! హోంవర్కు విషయంలో తల్లిదండ్రులు నియమం పెట్టిన ఇళ్ళలో మాత్రం ఆ నష్టం కొంత తగ్గింది, కంప్యూటరు నేర్పు తగ్గలేదు. దీన్నిబట్టి యంత్రం దానంతటది చదువు చెప్పదని, ఇంటి క్రమశిక్షణ కూడా దానితోపాటు రావాలని తెలుస్తోంది. ఆ క్రమశిక్షణకు డబ్బు ఖర్చు లేదు. మనవంటి పెద్దలు ఇంట్లో ఉండడమే దానికి పెట్టుబడి.

ఇక యంత్రం వయస్సు. కొట్టువాడు, "ఐ7 అండీ తాతగారూ, ఇంతకుమించి లేదు" అంటాడు. ఐ3, ఐ5, ఐ7 అనేవి తరగతులు మాత్రమే. పుట్టిన సంవత్సరం కాదు. వయస్సు దాని పక్క అంకెల్లో ఉంటుంది. ఐ5-6300 అని ఉంటే మొదటి అంకె 6, అంటే ఆరవ తరం, 2015 కాలం నాటిది. ఐ5-8250 అంటే ఎనిమిదవ తరం, 2017 నాటిది. ఐ5-10210 అని అయిదు అంకెలుంటే పదవ తరం, 2019 నాటిది. రెండవ తరం ఐ7 అంటే 2011 నాటి సరుకు. ఎనిమిదవ తరం ఐ5 దానికంటే ఎంతో మేలు.

ఎనిమిదవ తరం అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవారికి ఇచ్చిన ప్రత్యేక పొడిగింపు కూడా 2026 అక్టోబరు వరకే. ఆ తర్వాతిదైన విండోస్ 11ను ఇంటెల్ యంత్రాల్లో దాదాపుగా ఎనిమిదవ తరం, ఆపైవాటికే ఆ కంపెనీ అనుమతించింది. పాతవాటిలోకి దొడ్డిదారిన ఎక్కించి అమ్మేవారున్నారు. తర్వాత సవరణలు సరిగా వస్తాయన్న హామీ ఉండదు. అంతకన్నా పాత యంత్రమే దొరికితే ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలతో మరికొన్నేళ్ళు నడుస్తుంది. కాని కాలేజీ వారు చెప్పే సాఫ్టువేరు అందులో పనిచేస్తుందో లేదో ముందే అడగాలి.

కొట్టులో చూడవలసినవి వరుసగా చెబుతాను. పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్ళండి. అరగంట తీరిక చేసుకోండి.

ఒకటి, మెమరీ 8 జీబీకి తగ్గకూడదు. లోపల తిరిగే హార్డ్ డిస్కు కాక ఎస్.ఎస్.డి. ఉండాలి. పాత యంత్రం నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం ఆ డిస్కే.

రెండు, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీసే సదుపాయం ఉంది. అందులో తయారైననాటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం అని రెండు అంకెలు కనిపిస్తాయి. రెండవది మొదటిదానిలో సగమే ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి.

మూడు, కీబోర్డులో ప్రతి మీటా నొక్కి చూడాలి. తెర మీద తెల్లటి పేజీ, నల్లటి పేజీ పెట్టి మచ్చలు, గీతలు చూడాలి. మడత బందులు వదులుగా ఉన్నాయా, కెమెరా, స్పీకరు, వైఫై, పెన్‌డ్రైవ్ పెట్టే చోట్లు పనిచేస్తున్నాయా చూడాలి.

నాలుగు, ఇది అతి ముఖ్యం. మొత్తం చెరిపి కొత్తగా విండోస్ ఎక్కించి, ఇంటర్నెట్టుకు కలిపి మీ ఎదుటే ఆరంభించమనండి. కొన్ని కంపెనీ యంత్రాలకు దూరంనుండి వేసే తాళం ఉంటుంది. ఇంటర్నెట్టు తగలగానే ఆ కంపెనీ పేరు తెరమీదకు వచ్చి, పాస్‌వర్డు అడుగుతుంది. అలా వస్తే ఎంత చవకైనా వద్దు.

అయిదు, బిల్లు. సీరియల్ నంబరు రాసిన బిల్లు, కొద్ది నెలలైనా రాతపూర్వకమైన హామీ ఉండాలి. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి, వస్తువు పుచ్చుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను ప్రకారం నేరం. 2024 జూలై 1కి ముందు ఇది ఐ.పి.సి. 411. సర్వీసంతా మచ్చ లేకుండా గడిపినవాళ్ళం, బిల్లు లేని యంత్రం కోసం పోలీసు స్టేషను మెట్లెక్కడం మనకెందుకు?

లెక్క కూడా మనకు తెలిసిన పద్ధతిలోనే వేద్దాం. ఇవి బజారు ధరలు కావు, లెక్క తెలియడానికి వేసుకున్న అంకెలు. ఆరవ తరం ల్యాప్‌టాప్ 15,000 రూపాయలు, బ్యాటరీకి, ఎస్.ఎస్.డి.కి 4,000, వెరసి 19,000. అది రెండేళ్ళు పనికొస్తే ఏడాదికి 9,500. కొత్తది 36,000 పెట్టి ఆరేళ్ళు వాడితే ఏడాదికి 6,000. ఎనిమిదవ తరం డెస్క్‌టాప్ తెరతో సహా 14,000, యూ.పి.ఎస్. 3,000, వెరసి 17,000. నాలుగేళ్ళు నడిస్తే ఏడాదికి 4,250. చవకగా కనిపించినదే అన్నిటికన్నా ఖరీదు! అందుచేత ధరను కాదు, ధరను మిగిలిన ఆయుష్షుతో భాగించి చూడాలి. పిల్ల హాస్టలుకు వెళ్ళేదైతే ల్యాప్‌టాప్, ఇంట్లో ఉండి చదివేదైతే డెస్క్‌టాప్ నయం. డెస్క్‌టాప్ కొంటే గోడప్లగ్గుకు ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి. ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు ప్లగ్గు తీసివేయండి. చెడిపోతే బాగుచేసేవాడు చోడవరంలోనో, నర్సీపట్నంలోనో అందుబాటులో ఉన్నాడా అన్నది కూడా లెక్కలో చేర్చండి. విశాఖపట్నం దాకా బస్సులో మోసుకెళ్ళవలసి వస్తే సగం లాభం దారిలోనే పోతుంది.

కొన్న తర్వాత దాన్ని ఎక్కడ పెడతామన్నది కూడా కొనుగోలులో భాగమే. నలుగురూ తిరిగే గదిలో పెట్టండి. చదువుకు ఇంతసేపు, ఆటకు ఇంతసేపు అని ముందే మాట తీసుకోండి. మన పింఛను ఖాతా పాస్‌వర్డులు పిల్లల యంత్రంలో దాచకండి.

చివరగా, కాస్త నిష్ఠూరమైన మాట. మన ఇళ్ళలో మనవడు అడిగితే కంప్యూటరు, మనవరాలు అడిగితే "ఫోను ఉంది కదమ్మా" అనే ధోరణి ఇంకా పోలేదు. ఇద్దరికీ అవే పరీక్షలు, అవే ప్రశ్నలు. ఇంట్లో ఒక్క యంత్రమే ఉంటే ఎవరు ఏ వేళ కూర్చోవాలో కాగితం మీద రాసి గోడకు అంటించండి. అన్న లేచాక మిగిలిన వేళ చెల్లెలిది అన్న పద్ధతి వద్దు. అలా రాసి పెట్టగల అధికారం, తాతగా, నాన్నమ్మగా, అమ్మమ్మగా, డబ్బు పెట్టిన మనకే ఉంది.

కాబట్టి నా సమాధానం ఇది. పని ఉండి, ఎనిమిదవ తరం దాటి, బిల్లు దొరికి, బాగుచేసేవాడు దగ్గరలో ఉంటే పాత కంప్యూటరు నిశ్చింతగా కొనవచ్చు. ఈ నాలుగింటిలో ఏది లోపించినా, ఆ డబ్బు బ్యాంకులో ఉంచి, కొత్తదానికి సరిపడేదాకా కాలేజీ ల్యాబులో సాధన చేయించడమే మేలు. ఆలస్యమైతే బిడ్డ ఒక ఏడాది నొచ్చుకుంటుంది. తొందరపడి కొంటే డబ్బూ పోతుంది, దానిమీద పెట్టుకున్న ఆశా పోతుంది.